కార్డులిచ్చి గద తెచ్చుకోవడం: ఈ మార్పిడిలో లెక్క ఎక్కడ తప్పుతోంది

పాత చీరలు తీసుకుని స్టీలు గిన్నెలిచ్చే ఆవిడ వీధిలోకి వచ్చినప్పుడు జరిగే బేరం మన జిల్లాల్లో చూడనివాళ్లు ఉండరు. ఆవిడ చీర మడత విప్పి జరీ చూస్తుంది, చిరుగు కోసం వెతుకుతుంది. ఇంటావిడ గిన్నెను అరచేతిలో పెట్టుకుని బరువు చూస్తుంది. "ఇంకో చీర వెయ్యమ్మా" అని ఒకరు, "ఇది కాదు, ఆ పెద్దది ఇయ్యి" అని ఇంకొకరు. డబ్బు కనబడదు గానీ ఇద్దరి బుర్రలోనూ లెక్క నడుస్తూనే ఉంటుంది. శ్రీకాకుళం, విజయనగరం కుర్రాళ్ల మధ్య ఈమధ్య మొదలైన ఒక సరదా కూడా ఈ కోవలోదే. ఆల్బమ్‌లో మూలుగుతున్న పోకెమాన్, మ్యాజిక్, క్రికెట్ కార్డులు ఇచ్చేసి, చేత్తో తయారుచేసిన సినిమా ప్రాప్ (పాత్రలు తెరమీద పట్టుకునే, ధరించే వస్తువు) నమూనా తీసుకోవడం. గద, కత్తి, శిరస్త్రాణం, స్టార్ వార్స్ సినిమాల్లోని వెలుగు కత్తి అయిన లైట్‌సేబర్ పిడి, ఏదైనా కావచ్చు.

వినడానికి తేలిక. నాకు అక్కర్లేనిది నీకు కావాలి, నువ్వు చేయగలిగింది నాకు కావాలి. కానీ ఇలాంటి బేరాల్లో మాట పట్టింపులు వచ్చి స్నేహాలు చెడటం చూస్తున్నాను. చాలాసార్లు అందులో మోసమేమీ ఉండదు. చేతులు మారే రెండు వస్తువుల విలువా రెండు వేర్వేరు దారుల్లో పుడుతుంది, చిక్కంతా అక్కడే. కార్డు విలువను బజారు తేలుస్తుంది. ప్రాప్ విలువ చేసినవాడి గంటల్లో ఉంటుంది. ఈ రెండూ విడివిడిగా అర్థమైతేగానీ బేరం నిలబడదు.

ముందు కార్డుల సంగతి. ఇవి ఎందుకు మిగిలిపోతాయంటే, ప్యాకెట్ చింపితేగానీ లోపల ఏముందో తెలియదు కాబట్టి. మ్యాజిక్: ద గాదరింగ్ 1993లో అమెరికాలో మొదలైంది, పోకెమాన్ కార్డు ఆట 1996లో జపాన్‌లో. రెండింటిదీ ఒకే పద్ధతి: ప్యాకెట్‌లో ఎక్కువ భాగం సాదా కార్డులు, ఒకటో రెండో అరుదైనవి. కావలసిన ఒక్క కార్డు కోసం పది ప్యాకెట్లు కొన్న కుర్రాడి దగ్గర చివరికి డబుల్స్, అంటే ఒకటికి మించి వచ్చిన అవే కార్డులు, గుట్ట పడతాయి.

పోకెమాన్ కార్డు ఒకటి తీసుకుని కింది అంచు చూడండి. చిన్న గుర్తు ఉంటుంది. వృత్తమైతే సాదా కార్డు, వజ్రం ఆకారమైతే కాస్త తక్కువగా దొరికేది, నక్షత్రమైతే అరుదైనది. పక్కనే 4/102 లాంటి అంకె ఉంటుంది. 102 కార్డుల సెట్‌లో ఇది నాలుగోదని దాని అర్థం. మొదటి ఇంగ్లిష్ సెట్ 1999లో వచ్చింది, అందులో సరిగ్గా ఈ 4/102 కార్డే చారిజార్డ్ అనే పోకెమాన్‌ది, ప్రపంచమంతా వెంటపడేది. ఈ గుర్తూ అంకే చెప్పకుండా "నా దగ్గర 300 కార్డులున్నాయి, గద చేసిపెడతావా" అని అడిగితే ఎదుటివాడికి ఏమీ తెలియదు. వృత్తం గుర్తున్న మూడొందల కార్డుల కన్నా నక్షత్రమున్న ఒక్క కార్డు ఎక్కువ పలకొచ్చు. అలాగని నక్షత్రమున్నవన్నీ డబ్బు చేసేవీ కావు.

చిన్నప్పటి డబ్ల్యూడబ్ల్యూఈ ట్రంప్ కార్డులు, ఐపీఎల్ క్రికెట్ కార్డులు కూడా ఈ బేరాల్లోకి వస్తున్నాయి. వాటితో ముడిపడిన జ్ఞాపకాలు గొప్పవే గానీ, కొనేవాళ్లు తక్కువ. జ్ఞాపకాలకు ఎదుటివాడు ధర కట్టాలని ఆశపడకూడదు.

ఇక ధర. ఒకే కార్డుకి మూడు ధరలుంటాయి, గొడవల్లో సగం వీటిని కలిపేయడం వల్లే వస్తాయి. మొదటిది, ఆన్‌లైన్‌లో అమ్మేవాడు పెట్టుకున్న ధర. అది వాడి కోరిక, అంతకంటే ఏమీ కాదు. రెండోది, నిజంగా అమ్ముడుపోయిన ధర. ఈబే లాంటి చోట్ల అమ్ముడైన వాటిని విడిగా చూసే వీలుంది. మూడోది, ఈ వారంలో అమ్మేస్తే ఫీజులు, కొరియర్ పోను మీ చేతికి వచ్చే సొమ్ము. కార్డులున్నవాడు మొదటి ధర చెబుతాడు, ప్రాప్ చేసేవాడు మూడో ధర మనసులో పెట్టుకుంటాడు. ఇద్దరూ నిజాయితీగానే మాట్లాడుతున్నా ఒకరి మాట ఒకరికి మోసంలా వినిపిస్తుంది.

కార్డు స్థితిని బట్టి ఈ మూడూ మారిపోతాయి. మూలలు తెల్లబడ్డాయా, వెనక నీలం అంచు గీసుకుపోయిందా, మధ్యలో మడత ఉందా అన్నది చూడాలి. అమెరికాలో 1991లో మొదలైన పీఎస్ఏ లాంటి సంస్థలు కార్డుకి 1 నుంచి 10 దాకా గ్రేడ్ వేసి ప్లాస్టిక్ డబ్బాలో సీలు చేస్తాయి. గ్రేడ్ 10కీ, 7కీ మధ్య ధర తేడా చాలా ఉంటుంది. మనకి ఇంకో సమస్య ఉంది: సముద్రపు గాలి. భీమిలి నుంచి ఇచ్ఛాపురం దాకా తీరం పొడుగునా ఉండే తేమకి మెరుపు కార్డులు విల్లులా వంగిపోతాయి. కార్డులో కాగితం పొర తేమ పీల్చి సాగుతుంది, పైన రేకు పొర సాగదు. అందుకే ఒంపు తిరుగుతుంది. ఫొటోలో ఇది కనబడదు. కార్డుని బల్ల మీద పడుకోబెట్టి పక్కనుంచి తీసిన ఫొటో ఒకటి అడగండి.

నకిలీల బెడద కూడా తక్కువేం కాదు. ఫ్యాన్సీ షాపుల్లో దొరికే బంగారు రంగు ప్లాస్టిక్ రేకు పోకెమాన్ కార్డులు దాదాపు అన్నీ నకిలీవే. పిల్లలు ఆడుకోవడానికి బాగుంటాయి, మార్పిడికి పనికిరావు. కాగితం కార్డుల్లో అసలుదాన్ని పోల్చుకోవడానికి రెండు సులువులున్నాయి. అంచుని దగ్గరగా చూస్తే రెండు తెల్ల పొరల మధ్య సన్నటి నల్లగీత కనబడాలి. మ్యాజిక్ కార్డుల్లో అది నీలంగా ఉంటుంది. తర్వాత ఫోన్ టార్చి వెనకనుంచి వేసి, ఖాయంగా అసలుదని తెలిసిన ఇంకో కార్డుతో పోల్చాలి. నకిలీ కార్డులో వెలుతురు చాలా ఎక్కువగా బయటికొస్తుంది. రెండు కార్డులూ ఒకే కాలానివైతే మంచిది. ఒక్క పరీక్షతో తేల్చేయకండి.

ఇప్పుడు ప్రాప్ వైపుకి వద్దాం. నాకు అసలు ఆసక్తి ఇక్కడే.

సినిమాలో ఒకే కత్తికి రెండు మూడు రూపాలుంటాయి. క్లోజప్ కోసం చెక్కడాలన్నీ స్పష్టంగా ఉండేది హీరో ప్రాప్. పోరాటాలకి తగిలినా దెబ్బ పడకుండా రబ్బరుతో చేసేది స్టంట్ ప్రాప్. నమూనా చేయించుకునేవాడు ఏ రూపానికి నమూనా కావాలో చెప్పాలి. చెప్పకపోతే క్లోజప్‌లో చూసిన చెక్కడం ఊహించుకుంటాడు, చేసేవాడు దూరంనుంచి బాగుండేది చేసి ఇస్తాడు. ఇద్దరూ నిరాశపడతారు.

గొప్ప ప్రాప్ ఖరీదైన వస్తువుతోనే పుడుతుందని లేదు. 1977లో వచ్చిన స్టార్ వార్స్‌లో కథానాయకుడు ల్యూక్ లైట్‌సేబర్ పిడి నిజానికి గ్రాఫ్లెక్స్ అనే పాత కెమెరా ఫ్లాష్ పిడి. సెట్ డెకరేటర్ రోజర్ క్రిస్టియన్ దాన్ని లండన్‌లోని ఓ ఫొటో సామాన్ల దుకాణంలో పట్టుకున్నాడు. తర్వాత అభిమానులు నమూనాల కోసం ఎగబడి కొనడంతో అసలు గ్రాఫ్లెక్స్ పిడులు దొరకడమే కష్టమైంది.

మన దగ్గర ఎవరైనా అడిగేది ఎక్కువగా గదే. ఎస్వీ రంగారావు ఘటోత్కచుడి నుంచి ఇప్పటి పౌరాణికాల దాకా గద లేని తెలుగు ఊహ లేదు. ఈవీఏ ఫోమ్‌తో (రబ్బరులా మెత్తగా వంగే షీటు) గద చేయడంలో ఏమేం ఉందో చూస్తే గంటలెక్కడికి పోతాయో తెలుస్తుంది.

ముందు గోళాన్ని చదును షీటు మీదకి దించాలి. నారింజ తొనల్లాంటి ముక్కలుగా గీసి, ఒక్కో అంచునీ ఏటవాలుగా కోయాలి. ఏటవాలు కాస్త తప్పితే రెండు ముక్కలు కలిసేచోట లోయ పడుతుంది. అంచులకి రబ్బరు జిగురు రాసి, అది తడారి వేలికి అంటీ అంటనట్టు అయ్యేదాకా ఆగాలి. తొందరపడి అతికిస్తే ఊడిపోతుంది, ఒకసారి అతికాక సరిచేయడానికి కుదరదు. తర్వాత హీట్ గన్‌తో ఫోమ్ రంధ్రాలు మూసుకునేలా కాస్త కాల్చాలి. అతుకుల్లో పుట్టీ నింపి, ఉప్పుకాగితంతో రుద్ది, మళ్లీ నింపి, మళ్లీ రుద్దాలి. రంగుకి ముందు వేసే పూత, అంటే ప్రైమర్, వేశాకే దాగిన గీతలన్నీ బయటపడతాయి, అప్పుడు మళ్లీ రుద్దుడు. బంగారు రంగు వేస్తే కొత్త ప్లాస్టిక్ బొమ్మలా కనబడుతుంది. దానిమీద పల్చటి నలుపు పూసి, ఆరకముందే గుడ్డతో తుడిచేస్తే సందుల్లో మాత్రం నలుపు మిగులుతుంది. అప్పుడే అది యుద్ధాలు చూసిన గదలా తయారవుతుంది. ఈ చివరి పని చూడటానికి నాలుగు నిమిషాలే, అది చేతికి రావడానికి మాత్రం ఏళ్లు పడుతుంది.

త్రీడీ ప్రింటర్‌తో చేస్తే శ్రమ ఉండదన్నది అపోహ. ప్రింట్ అయిన వస్తువు మీద పొరల గీతలు వరసగా ఉంటాయి. వాటిని పోగొట్టడానికి అదే పుట్టీ, అదే ఉప్పుకాగితం, అదే చెయ్యి.

చేతిపనికి విలువ కట్టడం మన ప్రాంతానికి కొత్తేమీ కాదు. సరవకోట మండలం బుడితిలో ఇత్తడి, కంచు పనివాళ్లున్నారు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస దుంగ నుంచి వీణ తొలిచే కుటుంబాలున్నాయి. ఆ రెండింటికీ భౌగోళిక గుర్తింపు ఉంది. గొల్లపల్లివాళ్లు బహుమతిగా ఇచ్చుకునే చిన్న నమూనా వీణలు కూడా చేస్తారు. "కర్ర ముక్కకి ఇంతా?" అని ఎవరూ అనరు కదా. ఫోమ్ గద దగ్గరికి వచ్చేసరికి మాత్రం "రబ్బరు షీటేగా" అనేస్తారు. ఈ మాట వింటే నాకు బాధేస్తుంది.

ఒక లెక్క వేసి చూద్దాం. అంకెలన్నీ ఉదాహరణకే. ఫోమ్, జిగురు, పిడికి పైపు, రంగులు కలిపి 1,100 రూపాయలు. పని 26 గంటలు. గంటకి 100 రూపాయలు అనుకున్నా 2,600. మొత్తం 3,700. అవతలివైపు కార్డులు ఆన్‌లైన్‌లో పెట్టిన ధరల ప్రకారం 6,000. అమ్ముడుపోయిన ధరల ప్రకారం 4,400. ఇప్పుడే అమ్మితే చేతికొచ్చేది 3,300.

ఏ అంకె పట్టుకోవాలి? అది చేసేవాడు ఆ కార్డులతో ఏం చేయబోతున్నాడన్నదాన్ని బట్టి ఉంటుంది. అతను కూడా సేకరించేవాడై, అవే కార్డుల కోసం వెతుకుతుంటే 4,400 న్యాయమైన అంకె, ఎందుకంటే బయట కొన్నా అంతే పెట్టేవాడు. అమ్ముకోవడానికే తీసుకుంటుంటే 3,300 న్యాయం, అమ్మే తిప్పలు అతనే పడాలి కదా. 6,000 అనేది మాత్రం ఏ లెక్కలోనూ రాదు. బేరం మొదలుపెట్టేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న "ఎన్ని కార్డులు" కాదు, "అన్నా, ఇవి నువ్వు దాచుకుంటావా, అమ్ముతావా?"

ఇంకో తేడా కూడా ఉంది. కార్డు ఎవరిదగ్గరున్నా కార్డే, రేపు ఇంకొకరికి మార్చుకోవచ్చు. మీ ఎత్తుకి, మీకిష్టమైన సన్నివేశానికి తగ్గట్టు చేయించుకున్న గదని తిరిగి అమ్మడం కష్టం. కాబట్టి నచ్చకపోతే నష్టం తీసుకున్నవాడిది. మధ్యలో మనసు మార్చుకుని వద్దంటే పోయిన గంటలు చేసినవాడివి. కార్డులు అప్పటికే ఉన్నవి, గద ఇంకా పుట్టలేదు. ఇద్దరిలో చేసేవాడే ఎక్కువ పణంగా పెడుతున్నాడని నా అభిప్రాయం. అందుకే అతని గంటల్ని ముందు లెక్కలోకి తీసుకోవాలంటాను.

ఆచరణలో దీనికి ఒక మంచి మార్గం ఉంది: సామాను ఖర్చు డబ్బుగా, శ్రమకి కార్డులుగా. ఫోమ్ షీటు అమ్మే దుకాణదారు కార్డులు తీసుకోడు. పై ఉదాహరణలో 1,100 ముందే పంపేసి, 2,600 విలువైన కార్డులు ఎంచుకుంటే చేసేవాడి జేబుకి చిల్లు పడదు. కార్డుల్లో సగం రంగు వేసే దశ ఫొటోలు వచ్చాక, మిగతా సగం గద చేతికి అందాక ఇస్తే ఇద్దరికీ టెన్షన్ తగ్గుతుంది. పని నెలా రెండు నెలలు పట్టొచ్చు, ఈలోగా కంపెనీ అదే కార్డు మళ్లీ ముద్రిస్తే ధర పడిపోవచ్చు. ఏ తేదీ ధర లెక్కలోకి తీసుకున్నామో ముందే అనుకోవాలి, తర్వాత పెరిగినా తగ్గినా దాని జోలికి పోకూడదు.

చట్టం మాటేమిటి? డబ్బు లేదు కాబట్టి చట్టానికి సంబంధం లేదనుకోవడం పొరపాటు. ఒక వస్తువు యాజమాన్యాన్ని ఇంకో వస్తువు యాజమాన్యానికి మార్చుకోవడాన్ని ఆస్తి బదిలీ చట్టం 1882, సెక్షన్ 118 మార్పిడిగా గుర్తిస్తుంది. సెక్షన్ 120 ప్రకారం మీరిచ్చిన వస్తువు విషయంలో మీకు అమ్మకందారు హక్కులూ బాధ్యతలూ ఉంటాయి, తీసుకున్న వస్తువు విషయంలో కొనుగోలుదారువి. అంటే నకిలీ కార్డు అంటగట్టినవాడు "ఊరికే మార్చుకున్నాం" అని తప్పించుకోలేడు. అలాగే 18 ఏళ్లు నిండనివాళ్లు చేసుకున్న ఒప్పందం కాంట్రాక్టు చట్టం 1872 ప్రకారం చెల్లదు. ఈ సరదాలో ఉన్నవాళ్లలో స్కూలు పిల్లలు చాలామంది కాబట్టి ఇది ముఖ్యం. తొమ్మిదో తరగతి కుర్రాడు కార్డులిస్తానంటే వాళ్లమ్మతోనో నాన్నతోనో మాట్లాడాకే పని మొదలుపెట్టండి. ఇదే వ్యాపారంగా చేస్తే జీఎస్టీ చట్టం వస్తుమార్పిడిని కూడా సరఫరాగానే చూస్తుంది. సరదాకి చేసేవాళ్లకి ఆ బాధ లేదు.

కాపీరైట్ సంగతి ఇంకాస్త చిక్కు. స్టార్ వార్స్ కోసం స్టార్మ్‌ట్రూపర్ (తెల్ల కవచం తొడుక్కునే సైనికుడు) హెల్మెట్లు తయారుచేసిన ఆండ్రూ ఐన్స్‌వర్త్ తర్వాత వాటి నమూనాలు అమ్మడం మొదలుపెడితే, ఆ సినిమా తీసిన లూకాస్‌ఫిల్మ్ సంస్థ కోర్టుకెక్కింది. 2011లో బ్రిటన్ సుప్రీంకోర్టు ఆ హెల్మెట్ శిల్పం కిందికి రాదని, సినిమాలో అవసరానికి వాడిన వస్తువని తేల్చింది. దాంతో అక్కడ శిల్పాలకుండే దీర్ఘకాలపు కాపీరైట్ దానికి వర్తించలేదు. అమెరికాలో మాత్రం తీర్పు అంతకుముందే ఆయనకి వ్యతిరేకంగా వచ్చింది. ఒకే హెల్మెట్, రెండు దేశాలు, రెండు జవాబులు.

మన దేశంలో సినిమా కాపీరైట్ విడుదలైన తర్వాతి ఏడాది నుంచి 60 ఏళ్లు. 1957లో వచ్చిన మాయాబజార్‌కి ఆ గడువు 2017తో తీరింది. కానీ కళాదర్శకుడు గీసిన బొమ్మల హక్కు వేరు, అది ఆయన జీవితకాలమూ, ఆ తర్వాత 60 ఏళ్లూ ఉంటుంది. కాబట్టి చూసినవాళ్లకి ఇష్టమైనది చూపించే ఆ ప్రియదర్శిని పెట్టెని చేయించుకోవాలన్నా "సినిమా పాతదేగా" అన్న ఒక్క మాటతో సరిపోదు. సొంతానికి ఒకటి చేసుకోవడానికి కాపీరైట్ చట్టం 1957 కొంత వెసులుబాటు ఇస్తుంది. వరసపెట్టి చేసి ఇస్తూ పోతే అది సొంత వాడకం అనిపించుకోదు. నా సలహా రెండు ముక్కలు: సినిమా కంపెనీ లోగో వేయొద్దు, అడుగున "నమూనా" అనీ చేసినవాడి పేరూ చెరగకుండా రాయించండి. రేపు ఎవరో దాన్ని "షూటింగ్‌లో వాడినది" అని అమ్మకుండా అది అడ్డుపడుతుంది.

కత్తులతో జాగ్రత్త. ఫోమ్, రెజిన్ కత్తికి పేచీ లేదు. పదునుపెట్టిన ఉక్కు కత్తి, అలుగు 9 అంగుళాలకన్నా పొడుగో 2 అంగుళాలకన్నా వెడల్పో ఉంటే ఆయుధాల చట్టం పరిధిలోకి వస్తుంది, ప్రభుత్వం ప్రకటించిన ప్రాంతాల్లో లైసెన్సు కావాలి. గోడకి తగిలించుకోవడానికి పదును దేనికి?

వస్తువులు చేరవేయడం గురించి ఒక్క మాట. కార్డులకి మెత్తటి కవరు, దానిపైన గట్టి ప్లాస్టిక్ తొడుగు, రెండు అట్టల మధ్య పెట్టి స్పీడ్ పోస్ట్. రిజిస్టర్డ్ పోస్ట్ 2025 సెప్టెంబర్ 1 నుంచి స్పీడ్ పోస్ట్‌లోనే కలిసిపోయింది. ప్రాప్‌ల విషయంలో ఎండని మరిచిపోవద్దు. ప్రింటర్లలో ఎక్కువగా వాడే పీఎల్ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. మే నెల మధ్యాహ్నం మూసి ఉన్న వ్యాన్‌లో హెల్మెట్ ఆకారం మారిపోవడానికి అది చాలు. ఇద్దరూ ఈ రెండు జిల్లాలవాళ్లే అయితే కొరియర్ ఎందుకు, ఆమదాలవలసలో రైలెక్కితే గంటా గంటన్నరలో విజయనగరం. కార్డు అంచు వాళ్ల కళ్లముందే చూసుకోవచ్చు, గద అతుకులు మీ వేలితోనే తడుముకోవచ్చు.

పని మొదలుకాకముందు వాట్సాప్‌లో ఇలా ఒక మెసేజ్ పెడితే చాలు:

"అన్నా, మనం అనుకున్నవి ఒకచోట రాస్తున్నాను. మూడడుగుల ఫోమ్ గద, పాతబడిన బంగారు రంగు, నేను పంపిన రెండో ఫొటోలో ఉన్నట్టు. సామానుకి 1,100 ఈరోజే వేస్తున్నాను, అది తిరిగి అడగను. పనికి ఈ 9 కార్డులు, ముందు వెనక ఫొటోలు కింద పెట్టాను, ఇవాళ్టి అమ్ముడు ధరల ప్రకారం 2,600. నాలుగు కార్డులు రంగు దశ ఫొటోలు వచ్చాక, ఐదు గద తీసుకున్నాక. కార్డుల్లో ఏదైనా నకిలీ అని తేలితే దాని బదులు డబ్బిస్తాను. అతుకు నెలలోపు ఊడితే నువ్వు సరిచేస్తావు. సంక్రాంతి లోపు కుదరకపోతే ముందే చెప్పు. సరేనా?"

"సరే తమ్ముడూ" అని జవాబు వచ్చాక స్క్రీన్‌షాట్ ఇద్దరి దగ్గరా ఉండాలి.